పాటకు వెల, శ్రోతకు లెక్క: కాపీరైటు చట్టం, ఇంటర్నెట్ రేడియో

కాపీరైటు చట్టం రచయిత సొత్తును కాపాడడానికే పుట్టిందన్న అభిప్రాయం చదువుకున్నవారిలో కూడా బలంగా నాటుకుపోయింది. ఆ చట్టాలన్నింటికీ మూలమైన శాసనాన్ని తిరగేస్తే అక్కడ సొత్తు అన్న ఆలోచన కంటే ముందు విద్య అన్న ఆలోచన కనబడుతుంది. 1710లో ఆన్ రాణి కాలంలో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఆ శాసనం తనను తాను విద్యాప్రోత్సాహం కోసం చేసిన చట్టంగా ప్రకటించుకుంది. అంతకు ముందు ఇంగ్లండులో పుస్తకం అచ్చువేసే హక్కు లండన్ ముద్రాపకుల సంఘం చేతిలో ఉండేది. ప్రభుత్వానికి నచ్చని రాతలను అడ్డుకోవడం, సంఘసభ్యుల వ్యాపారాన్ని కాపాడడం ఆ ఏర్పాటులో కలిసిపోయి ఉండేవి. 1695లో ఆ ఏర్పాటు గడువు తీరిపోగా, తమ గుత్తాధికారం తిరిగి ఇమ్మని పుస్తక వ్యాపారులు పార్లమెంటును పదేపదే వేడుకున్నారు. పార్లమెంటు వారు అడిగిన హక్కును ఇస్తూనే రెండు షరతులతో దాని స్వభావాన్ని మార్చివేసింది: హక్కు మొదట రచయితకు చెందుతుందనీ, అది 14 ఏళ్ల పాటు, అప్పటికి రచయిత బతికి ఉంటే మరో 14 ఏళ్ల పాటు మాత్రమే చెల్లుతుందనీ నిర్ణయించింది. ఆ గడువు దాటిన పుస్తకాన్ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు.

గడువు అన్న మాట లండన్ వ్యాపారులకు రుచించలేదు. శాసనం ఏం చెప్పినా తమ హక్కు శాశ్వతమని వారు దశాబ్దాల పాటు న్యాయస్థానాల్లో వాదించారు. ఎడిన్‌బరోలో చౌక ముద్రణలు వేసి అమ్మిన అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్ అనే వ్యాపారి ఆ వాదాన్ని ఎదిరించగా, 1774లో బ్రిటిష్ ప్రభువుల సభ అచ్చయిన పుస్తకం మీద శాశ్వత హక్కు ఏదీ లేదని తేల్చింది. 1787లో రాసుకున్న అమెరికా రాజ్యాంగం ఇదే దారిలో మరో అడుగు ముందుకు వేసి, విజ్ఞానమూ ఉపయుక్త కళలూ పెంపొందడం కోసమే రచయితలకు పరిమిత కాలం పాటు ప్రత్యేక హక్కు ఇచ్చే అధికారం కాంగ్రెసుకు ఉంటుందని ప్రయోజనాన్ని రాజ్యాంగ వాక్యంలోనే చేర్చింది. ఈ దృష్టిలో కాపీరైటు ఒక సాధనం. రచన చేసినవారికి కొంతకాలం రాబడి దక్కితే కొత్త రచనలు వస్తాయి, అవి మొదట అనుమతి మీదా, తరువాత స్వేచ్ఛగానూ జనానికి చేరతాయి. సాధనం కాబట్టి దాన్ని ప్రతి కాలంలోనూ అడగవలసిన ప్రశ్నలు రెండు ఉన్నాయి: కొత్త సృష్టికి అది ఏపాటి ఊతమిస్తోంది, జనానికి చేరవలసింది చేరుతోందా?

ఆ ప్రశ్నలకు గడువుల చరిత్ర సంతృప్తికరమైన జవాబు ఇవ్వదు. 1790 నాటి అమెరికా తొలి చట్టంలో 14 ఏళ్లుగా ఉన్న హక్కు 1831లో 28 ఏళ్లకు, 1976 చట్టంతో రచయిత మరణానంతరం 50 ఏళ్లకు, 1998లో 70 ఏళ్లకు పెరిగింది. సంస్థల పేరిట ఉన్న రచనలకైతే ప్రచురణ నుంచి 95 ఏళ్లు. అప్పటికే వెలువడిన రచనలకు గడువు పెంచినందువల్ల చనిపోయిన రచయిత కొత్తగా ఏదీ రాయడు గనుక ఈ పెంపు ప్రోత్సాహం కిందికి రాదని మిల్టన్ ఫ్రీడ్‌మన్, కెనెత్ యారో, రోనాల్డ్ కోస్ వంటి నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్తలు సుప్రీంకోర్టుకు విన్నవించారు. 2003లో ఎల్‌డ్రెడ్ కేసులో కోర్టు 7–2 ఆధిక్యంతో ఆ పెంపును సమర్థించింది. అయితే గడువు కంటే సూక్ష్మమైనదీ, సామాన్య శ్రోత మీద ఎక్కువ ప్రభావం చూపేదీ మరొకటి ఉంది. అది రాయల్టీని, అంటే ఒక కృతిని వాడుకున్నందుకు హక్కుదారుకు చెల్లించే రుసుమును, ఏ కొలమానంతో లెక్కగట్టాలన్న నిర్ణయం. ఆ నిర్ణయం ఒక మాధ్యమాన్ని బతికించనూ గలదు, చంపనూ గలదు అనడానికి ఇంటర్నెట్ రేడియో చరిత్రను మించిన ఉదాహరణ దొరకదు.

ఆ చరిత్ర అర్థం కావాలంటే చట్టం దృష్టిలో ఒక పాట అంటే రెండు వేరువేరు కృతులన్న సంగతి తెలియాలి. సాహిత్యం, బాణీ కలిసిన రచన ఒకటి. ఆ రచనను ఒక గాయకుడు, వాద్యకారులు కలిసి పాడి వాయించగా నమోదైన ధ్వని, అంటే రికార్డింగు, మరొకటి. మొదటిదాని మీద హక్కు గీత రచయితకూ సంగీతకర్తకూ, లేదా వారి నుంచి కొనుక్కున్న ప్రచురణకర్తకూ ఉంటుంది. రెండోదాని మీద హక్కు సాధారణంగా రికార్డు కంపెనీది. ఒకే పాటను పదిమంది గాయకులు పాడితే రచన ఒకటే ఉంటుంది, రికార్డింగులు పది ఉంటాయి. రేడియోలో పాట వినిపించినప్పుడు ఈ రెండు కృతులూ ఒకేసారి వాడుకలోకి వస్తాయి కనుక, న్యాయంగా రెండింటికీ రాయల్టీ ముట్టాలి. అమెరికాలో మాత్రం అలా జరగలేదు.

అక్కడ బహిరంగంగా సంగీతం ప్రదర్శించినందుకు సంగీత రచనకు రుసుము పొందే హక్కు 1897లోనే వచ్చింది. ఆ రుసుమును వసూలు చేయడానికి 1914లో ఏస్కాప్ అనే రచయితల, ప్రచురణకర్తల సంఘం ఏర్పడింది. రేడియో 1920ల్లో విస్తరించగానే ఆ సంఘం స్టేషన్ల నుంచి కూడా రుసుము రాబట్టింది. ధర పెంచబోయినప్పుడు 1941లో స్టేషన్లు నెలల తరబడి ఏస్కాప్ పాటలను వెలివేసి, తామే స్థాపించుకున్న బీఎంఐ అనే పోటీ సంఘం పాటలతోనూ, కాపీరైటు గడువు తీరిన పాత పాటలతోనూ నెట్టుకొచ్చాయి. ఇదంతా రచన సంగతి. రికార్డింగుకు 1972 ఫిబ్రవరి 15 దాకా అమెరికా కేంద్ర చట్టంలో రక్షణే లేదు. 1940లో వాద్యబృంద నాయకుడు పాల్ వైట్‌మన్ కేసులో, రికార్డు మీద ‘రేడియో ప్రసారానికి అనుమతి లేదు’ అని ముద్రించినంత మాత్రాన దానిని కొనుక్కున్న స్టేషన్ వినిపించకుండా ఆపలేరని న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్ తీర్పు చెప్పారు. 1972లో వచ్చిన రక్షణ కూడా నకళ్లు తీయకుండా అడ్డుకోవడానికే పరిమితమైంది, ప్రసారానికి రుసుము అడిగే హక్కు ఇవ్వలేదు. ప్రసారం వల్ల రికార్డులకు ప్రచారం లభిస్తోంది కాబట్టి వేరే రుసుము ఎందుకని స్టేషన్లు వాదించాయి. ప్రతి నియోజకవర్గంలోనూ స్టేషన్లున్న ఆ పరిశ్రమ మాట చట్టసభల్లో చెల్లింది. ఫలితంగా 1967లో అరీథా ఫ్రాంక్లిన్ పాడి ప్రపంచ ప్రసిద్ధం చేసిన ‘రెస్పెక్ట్’ పాట అమెరికా రేడియోలో ఎన్నిసార్లు మోగినా, రాసిన ఓటిస్ రెడింగ్ పక్షానికి రాయల్టీ అందింది గాని పాడిన ఆమెకు అందలేదు. గాయకులకు జరిగిన ఈ అన్యాయం భూతల రేడియో విషయంలో నేటికీ అలాగే ఉంది. ఇంటర్నెట్ రేడియో మీద పడిన భారాన్ని తూచేటప్పుడు ఈ అసమానతను పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఇంటర్నెట్ మీద రేడియో 1993లో కార్ల్ మలముద్ నడిపిన సంభాషణల కార్యక్రమాలతో మొదలైంది. 1994 నవంబరు 7న ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయ విద్యార్థుల స్టేషన్ డబ్ల్యూఎక్స్‌వైసీ తన ప్రసారాన్ని ఇంటర్నెట్‌లో వినిపించడం ప్రారంభించింది. మరుసటి ఏడాది రియల్ ఆడియో, దశాబ్దం చివరికి షౌట్‌కాస్ట్ వంటి సాఫ్ట్‌వేర్లు రావడంతో ఒక కంప్యూటరూ ఒక కనెక్షనూ ఉన్న ఎవరైనా స్టేషన్ పెట్టగలిగే రోజులు వచ్చాయి. ఈ మార్పు విలువను తక్కువగా అంచనా వేయరాదు. భూతల రేడియోకు గాలిలోని తరంగాలు కావాలి. అవి పరిమితం, వాటి లైసెన్సు ఖరీదు, అందువల్ల ఆ స్టేషన్ వీలైనంత ఎక్కువ మందికి నచ్చే కొద్ది పాటలనే తిప్పితిప్పి వినిపిస్తుంది. ఇంటర్నెట్‌లో ఆ ఇరుకు లేదు. ఒక ఊళ్లో పదిమందికి మాత్రమే ఇష్టమైన సంగీతానికి ప్రపంచం మొత్తం మీద వేలమంది శ్రోతలు ఉండవచ్చు, వారందరినీ ఒక స్టేషన్ దగ్గరికి చేర్చవచ్చు. కాలిఫోర్నియాలో 2000లో మొదలైన సోమా ఎఫ్ఎం, రేడియో పారడైజ్ వంటివి పెద్ద స్టేషన్లు ముట్టని సంగీతంతోనే శ్రోతలను సంపాదించుకున్నాయి. స్థానిక రేడియోలో తమ భాష వినబడని ప్రవాసులకు, అమెరికాలోని తెలుగువారితో సహా, ఈ మాధ్యమం వల్ల కలిగిన మేలు ఎవరూ వివరించనక్కరలేదు. 1710 శాసనం ప్రకటించుకున్న ప్రయోజనం, రచన జనానికి చేరడం, ఇంత తక్కువ ఖర్చుతో నెరవేరే అవకాశం అంతకు ముందెన్నడూ రాలేదు.

రికార్డు కంపెనీలు ఈ అవకాశంలో ప్రమాదాన్ని చూశాయి. డిజిటల్ ప్రసారాన్ని శ్రోత పట్టి దాచుకోవచ్చు, దాచిన నకలు అసలుకు ఏమాత్రం తీసిపోదు, అప్పుడు రికార్డు కొనేవారు ఉండరన్నది వారి భయం. అది పూర్తిగా కాల్పనికమైన భయం కాదు. ఆ ఒత్తిడి మీద 1995లో అమెరికా కాంగ్రెసు తొలిసారిగా రికార్డింగుకు ప్రసార రాయల్టీ హక్కు ఇచ్చింది, కాని డిజిటల్ ప్రసారానికి మాత్రమే ఇచ్చింది. 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైటు చట్టం ఇంటర్నెట్ రేడియోను స్పష్టంగా ఆ పరిధిలోకి తెచ్చి, దానికి చట్టబద్ధ లైసెన్సు అనే ఏర్పాటు చేసింది. ప్రతి హక్కుదారునూ వెతికి పట్టుకుని విడివిడిగా బతిమాలుకోకుండా, చట్టం చెప్పిన షరతులు పాటించి, నిర్ణీత రుసుము కట్టినవారికి అనుమతి దానంతటదే లభించడం చట్టబద్ధ లైసెన్సు. ఈ ఆలోచన కొత్తది కాదు. యాంత్రిక పియానోల కోసం రంధ్రాలు వేసిన కాగితపు చుట్టలు కాపీరైటు కిందికి రావని 1908లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, కాంగ్రెసు మరుసటి ఏడాదే చుట్టకు, రికార్డుకు పాటకు 2 సెంట్ల చొప్పున కట్టి ఎవరైనా తయారు చేసుకోవచ్చని చట్టం చేసింది. సృష్టికర్తకు సొమ్ము, జనానికి సంగీతం, రెండూ సాధించిన పద్ధతి అది. మంచి సాధనమే. దాన్ని ఇంటర్నెట్ రేడియోకు తొడిగిన తీరులోనే చిక్కంతా ఉంది.

మొదటి చిక్కు షరతులతో వచ్చింది. శ్రోత కోరిన పాటను కోరినప్పుడు వినిపించే సేవకు ఈ లైసెన్సు వర్తించదు, స్టేషన్ వరస నిర్ణయిస్తే శ్రోత వినే పద్ధతికే వర్తిస్తుంది. అంతవరకు సబబే. దానికి తోడు 3 గంటల వ్యవధిలో ఒకే రికార్డు నుంచి 3 పాటలకు మించి, అందులోనూ వరసగా 2కు మించి, వినిపించరాదు. ఒకే కళాకారుడివి 4 పాటలకు మించి, వరసగా 3కు మించి, వేయరాదు. ఏ పాట ఎప్పుడు వస్తుందో ముందుగా ప్రకటించరాదు. నకళ్లు తీసే శ్రోతను దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ నిబంధనలు రేడియో అనే కళను ఎంత కుదించాయో తెలుగు శ్రోతకు ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. ఫిబ్రవరి 11న, ఘంటసాల వర్ధంతి నాడు, అమెరికాలో ఉన్న ఒక ఇంటర్నెట్ స్టేషన్ ఈ లైసెన్సు మీద రోజంతా ఆయన పాటలే వినిపించడానికి వీల్లేదు. ఒక సినిమాలోని పాటలన్నింటినీ వరసగా వేసి దాని సంగీతం గురించి చర్చించడానికీ వీల్లేదు. అదే ఊళ్లోని భూతల స్టేషన్ తన తరంగాల మీద ఆ రెండు పనులూ నిరభ్యంతరంగా చేసుకోవచ్చు, ఆ రికార్డులకు ఒక్క సెంటు కట్టనక్కరలేదు.

రెండో చిక్కు వెల దగ్గర వచ్చింది, అదే అసలైనది. చట్టం రుసుమును తాను చెప్పకుండా, ఇష్టపడి కొనేవాడూ ఇష్టపడి అమ్మేవాడూ స్వేచ్ఛా విపణిలో ఒప్పుకునే ధరను ఊహించి నిర్ణయించమని మధ్యవర్తుల మండలికి వదిలేసింది. ఉపగ్రహ రేడియో వంటి కొన్ని పాత సేవలకు మాత్రం వేరే సూత్రం పెట్టి, జనానికి లభ్యత, పరిశ్రమ స్థిరత్వం వంటి అంశాలను కూడా లెక్కలోకి తీసుకోమంది. అప్పటికి విపణి అన్నదే సరిగా ఏర్పడని రంగంలో మధ్యవర్తులు యాహూ సంస్థ రికార్డు పరిశ్రమతో చేసుకున్న ఒక ఒప్పందాన్ని ప్రమాణంగా తీసుకుని, 2002 ఫిబ్రవరిలో కేవలం ఇంటర్నెట్‌లోనే ఉన్న స్టేషన్ ఒక పాట ఒక శ్రోతకు వినిపించినందుకు 0.14 సెంట్లు కట్టాలని ప్రతిపాదించారు. నిరసనగా ఆ ఏడాది మే 1న అనేక స్టేషన్లు పాటలు ఆపి మౌనం పాటించాయి. జూన్ 20న కాంగ్రెసు గ్రంథాలయాధిపతి ఆ రేటును సగానికి, 0.07 సెంట్లకు, తగ్గించి, దాన్ని 1998 అక్టోబరు 28 నుంచి పాత బాకీగా కూడా కట్టాలని నిర్ణయించారు.

0.07 సెంట్లు వినడానికి అతి స్వల్పంగా ఉంటుంది. గంటకు సుమారు 15 పాటలు వేసే స్టేషన్‌ను రాత్రింబవళ్లు సగటున 100 మంది వింటున్నారనుకుంటే, ఏడాదికి 8,76,000 శ్రోతగంటలు అవుతాయి, అంటే కోటీ ముప్పై లక్షలకు పైగా పాటలు విన్నట్టు లెక్క. ఆ రేటు ప్రకారం రికార్డింగులకే ఏటా 9,000 డాలర్లు దాటుతుంది. రచనలకు కట్టవలసింది దీనికి అదనం. ఒక్క వ్యక్తి ఇంట్లో కూర్చుని, విరాళాల మీద, కొద్దిపాటి ప్రకటనల మీద నడుపుతున్న స్టేషన్‌కు అది ఆదాయాన్ని మించిన మొత్తం. ఇక్కడ గమనించవలసిన సంగతి రేటు ఎక్కువా తక్కువా అన్నది మాత్రమే కాదు. భూతల స్టేషన్ శ్రోతలు పెరిగితే దాని ప్రసార వ్యయం పెరగదు, ప్రకటనల ఆదాయం పెరుగుతుంది. ఇంటర్నెట్ స్టేషన్‌కు వచ్చే ప్రతి కొత్త శ్రోతా ఒక కొత్త బాకీ అవుతాడు. శ్రోతలను ఆకర్షించడమే నష్టంగా మారే లెక్క ఏ మాధ్యమాన్నీ ఎదగనివ్వదు. ఆ వేసవిలో సోమా ఎఫ్ఎం ప్రసారాలు ఆపేసింది, చిన్న స్టేషన్లు మరెన్నో మూతపడ్డాయి. ఏడాది చివర కాంగ్రెసు చిన్న ప్రసారకర్తల కోసం ఒక ప్రత్యేక చట్టం చేసి, ఆదాయంలో 10, 12 శాతం చొప్పున కట్టే వెసులుబాటు కల్పించాకనే సోమా ఎఫ్ఎం వంటివి నిలదొక్కుకోగలిగాయి.

ఆ వెసులుబాటు తాత్కాలికం. మధ్యవర్తుల స్థానంలో వచ్చిన కాపీరైటు రాయల్టీ న్యాయమూర్తుల మండలి 2007 మార్చిలో మళ్లీ శ్రోతకూ పాటకూ లెక్కనే ఖాయం చేసి, 2006కు 0.08 సెంట్లతో మొదలుపెట్టి 2010కి 0.19 సెంట్లకు పెంచింది. పైన చెప్పిన 100 మంది శ్రోతల స్టేషన్‌కు అది ఏటా 25,000 డాలర్ల దాకా తేలుతుంది. ప్రతి చానెల్‌కూ కనీసం 500 డాలర్లు కట్టాలన్న నిబంధన మరొకటి. ఒక్కో శ్రోత అభిరుచికి తగ్గట్టు ఒక్కో చానెల్ తయారుచేసే పండోరా వంటి సేవకు ఈ కనీస రుసుమే అపారమైన భారం అయ్యేది. ఆ ఏడాది జూన్ 26న మళ్లీ ఒక మౌనదినం జరిగింది. శ్రోతల విన్నపాలతో కాంగ్రెసు కదలి, 2008లో, 2009లో పక్షాలు తమలో తాము రాజీపడడానికి చట్టపరమైన వీలు కల్పించింది. 2009 జులైలో కుదిరిన రాజీ ప్రకారం పండోరా వంటి పెద్ద సేవలు తగ్గించిన పాట రేటు గాని, ఆదాయంలో 25 శాతం గాని, ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఆచరణలో పండోరా తన ఆదాయంలో సగం దాకా రాయల్టీలకే వెచ్చించవలసి వచ్చింది. అదే కాలంలో ఉపగ్రహ రేడియో సంస్థ సిరియస్ ఎక్స్ఎం తన ఆదాయంలో 6 నుంచి 8 శాతం రికార్డింగులకు కట్టింది. భూతల స్టేషన్ సున్నా కట్టింది. ఒకే గాయకుడు పాడిన ఒకే పాటను ఒకే శ్రోత కారులో మూడు దారుల్లో వింటే చట్టం మూడు వెలలు వేసింది. పాట విలువలో తేడా లేనప్పుడు ఈ వెలల తేడాకు ఆధారం ఏ పరిశ్రమ ఏ సంవత్సరంలో చట్టసభలో ఎంత బలంగా ఉందన్నదే. విజ్ఞానాభివృద్ధి కోసం అన్న రాజ్యాంగ వాక్యంతో దాన్ని పొసగించడం కష్టం.

ఈ ఏర్పాటులో ఒక మేలు ఉంది, దాన్ని గట్టిగానే చెప్పాలి. డిజిటల్ ప్రసార రాయల్టీని వసూలు చేసే సౌండ్ ఎక్స్చేంజ్ సంస్థ, వచ్చిన సొమ్ములో 50 శాతం రికార్డు హక్కుదారుకు, 45 శాతం ప్రధాన కళాకారుడికి, మిగిలిన 5 శాతం వెనుక వాయించిన, గొంతు కలిపిన కళాకారుల నిధులకు పంచుతుంది. కళాకారుడి వాటా రికార్డు కంపెనీ ఖాతా గుండా పోకుండా నేరుగా అతనికి చేరుతుంది. కంపెనీకి పాత బాకీలున్నాయన్న పేరుతో దాన్ని మినహాయించుకునే వీలుండదు. దశాబ్దాలుగా భూతల రేడియో నుంచి ఏమీ ఎరుగని వృద్ధ గాయకులు, వాద్యకారులు చాలామందికి ఇది తొలి ప్రసార రాబడి. కనుక ఇంటర్నెట్ రేడియో రాయల్టీ కట్టనక్కరలేదన్న వాదన నిలవదు. 2018 నాటి సంగీత ఆధునికీకరణ చట్టం 1972కు ముందు రికార్డయిన పాటలకు కూడా డిజిటల్ ప్రసార రాయల్టీ వర్తింపజేయడమూ, ఉపగ్రహ రేడియోను కూడా కొనేవాడూ అమ్మేవాడూ అన్న సూత్రం కిందికి తేవడమూ సరైన దిశలో పడిన అడుగులు. మిగిలిపోయినవి రెండు చివరలు: కోట్ల శ్రోతలున్న భూతల రేడియో ఏమీ కట్టకపోవడం ఒక చివర, వందమంది శ్రోతలున్న చిన్న స్టేషన్ తాహతుకు మించి కట్టవలసి రావడం మరో చివర. 2015తో చిన్న స్టేషన్ల రాయితీ గడువు ముగియగానే, వేలాది ఔత్సాహిక స్టేషన్లకు నెలవైన లైవ్365 సంస్థ 2016 జనవరి చివర మూతపడింది. మరుసటి ఏడాది కొత్త యాజమాన్యంలో తిరిగి తెరుచుకుంది గాని, ఆ మధ్యలో చెదిరిపోయిన స్టేషన్లన్నీ తిరిగి రాలేదు. 2021లో ప్రకటనల మీద నడిచే స్టేషన్లకు రేటు పాటకు, శ్రోతకు 0.21 సెంట్ల స్థాయికి చేరింది, చానెల్‌కు కనీస రుసుము 1,000 డాలర్లయింది.

భారతదేశంలో ఈ కథ వేరే మలుపులు తిరిగింది. 1957 నాటి కాపీరైటు చట్టం ఇక్కడ మొదటి నుంచీ రికార్డింగుకు ప్రసార హక్కు ఇచ్చింది కనుక రేడియో రికార్డు కంపెనీలకు రుసుము కడుతూనే ఉంది. అన్యాయం జరిగింది రచన వైపు. సినిమా కోసం రాసిన పాటకు, కట్టిన బాణీకి తొలి హక్కుదారు నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చడంతో, గీత రచయితలూ సంగీతకర్తలూ ఒక్కసారి పారితోషికం పుచ్చుకుని పక్కకు తప్పుకోవలసి వచ్చింది. ఆ తీర్పుకు జస్టిస్ కృష్ణయ్యర్ జోడించిన ప్రత్యేక వ్యాఖ్య కళాకారుల పక్షాన చట్టసభ ఆలోచించాలని కోరింది. దానికి ఫలితం 2012లో చట్ట సవరణగా వచ్చింది. అప్పటి రాజ్యసభ సభ్యుడు, కవి జావేద్ అఖ్తర్ గట్టిగా సమర్థించిన ఆ సవరణ ప్రకారం, సినిమాహాలులో సినిమాతో పాటు వినిపించడం తప్ప తక్కిన వాడుకలన్నింటిలోనూ రాయల్టీలో సమాన వాటాను గీత రచయిత, సంగీతకర్త వదులుకోవడానికి కూడా వీల్లేదు. బీదరికంలో ఉన్న కవి చేత సంతకం చేయించుకునే దారి మూసేశారు.

అదే సవరణ 31డి అనే కొత్త నిబంధనతో ప్రసార సంస్థలకు చట్టబద్ధ లైసెన్సు తెచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2010లో, ఎఫ్ఎం స్టేషన్లు రికార్డు కంపెనీలకు నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం కట్టాలని కాపీరైటు బోర్డు నిర్ణయించి ఉంది. ఆదాయాన్ని బట్టి రుసుము అన్న ఈ సూత్రం చిన్న స్టేషన్‌ను చంపదు. సంపాదన లేనివాడి దగ్గర తక్కువా, ఉన్నవాడి దగ్గర ఎక్కువా తీసుకుంటుంది. అయితే 31డి ఇంటర్నెట్‌కు వర్తిస్తుందా అన్న ప్రశ్న మిగిలింది. వర్తిస్తుందని 2016 సెప్టెంబరులో కేంద్ర పారిశ్రామిక విధాన విభాగం ఒక మెమో జారీచేసింది. రికార్డు కంపెనీ టిప్స్‌కూ, ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే వింక్ మ్యూజిక్‌కూ మధ్య వచ్చిన వివాదంలో 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు దాన్ని తోసిపుచ్చి, ఆ నిబంధన రేడియో, టెలివిజన్ ప్రసారాలకే పరిమితమని, ఇంటర్నెట్ ప్రసారం దాని పరిధిలోకి రాదని తీర్పు ఇచ్చింది. 2022 అక్టోబరులో ద్విసభ్య ధర్మాసనం దాన్నే ఖాయపరిచింది. ఆ కేసులో కోరిన పాటను కోరినప్పుడు వినిపించి, దాచుకోనిచ్చే పెద్ద సంస్థ ఉంది. అలాంటి సేవ రికార్డు కంపెనీతో బేరమాడుకోవాలనడంలో తప్పులేదు. కాని వరసగా పాటలు వినిపించే చిన్న ఇంటర్నెట్ రేడియోకు, దాచుకోనిచ్చే సేవకు మధ్య అమెరికా చట్టం పాటించిన తేడాను పాటించే చోటు మన నిబంధనలో లేకపోవడం వల్ల, అమాయకమైన మాధ్యమం కూడా అదే గంపలో పడింది. అక్కడ రేటు భారమైనా అనుమతి ఖాయం. ఇక్కడ అనుమతే బేరం మీద ఆధారపడి ఉంది, బేరమాడే శక్తి చిన్నవాడికి ఉండదు. 2021లో పార్లమెంటు స్థాయీసంఘం 31డిని ఇంటర్నెట్‌కు కూడా విస్తరించాలని సిఫార్సు చేసింది.

తెలుగు పాటల చిన్న స్టేషన్ పెట్టదలచినవారికి ఈ న్యాయసూక్ష్మాలు ఎలా ఎదురవుతాయో ‘మాయాబజార్’ పాటలను పట్టి చూడవచ్చు. భారత చట్టంలో రికార్డింగుకు గడువు ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కనుక, 1957లో సినిమాతో పాటు వెలువడిన రికార్డు మీద హక్కు 2017 చివరితో తీరిపోయింది. ఆ ధ్వనికి ఇప్పుడు ఇక్కడ ఏ కంపెనీ అనుమతీ అక్కరలేదు. రచనకు గడువు మాత్రం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1971లో మరణించిన పింగళి నాగేంద్రరావు సాహిత్యం 2031 చివరి దాకా, 1974లో మరణించిన ఘంటసాల బాణీలు 2034 చివరి దాకా రక్షణలో ఉంటాయి. తెరమీద పేరు లేకపోయినా కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువని సినీ చరిత్రకారులు చెబుతారు, ఆయన 1999 దాకా జీవించారు కనుక వాటి లెక్క 2059 దాకా పోతుంది. అమెరికాలో ఉన్న శ్రోతకు వినిపిస్తే గడువులు అక్కడి చట్టం ప్రకారం మళ్లీ మారతాయి. ఇంతకీ ఈ పాటల రాయల్టీ వాటి కవికీ సంగీతకర్తలకూ వారి వారసుల ద్వారా చేరాలన్నా, స్టేషన్ దాన్ని కట్టి నిర్భయంగా నడవాలన్నా, ఆదాయంలో ఇంత శాతమని అందరికీ ఒకే తీరున వర్తించే ఒక రేటు కావాలి. ఎఫ్ఎంకు అలాంటి రేటు 2010లోనే ఏర్పడింది. ఇంటర్నెట్‌కు కూడా అదే నిబంధనలో చోటివ్వడానికి, స్థాయీసంఘం సూచించినట్టు, సవరించవలసింది ఒక్క 31డి సెక్షనే.